తొలి పునరుజ్జీవన కాలపు భూగోళాలు: వికీపీడియా వ్యాసాన్ని సరిదిద్దే పద్ధతి

15వ శతాబ్దం చివర, 16వ శతాబ్దం తొలి దశకాల్లో ఐరోపాలో తయారైన భూగోళాల (గ్లోబుల) గురించి వికీపీడియాలో రాయబోయేవారికి సమాచారానికి కరువుండదు. ఇబ్బందంతా ఆ సమాచారంలో విచ్చలవిడిగా కనబడే ‘మొట్టమొదటి’, ‘అత్యంత పురాతన’, ‘ఏకైక’ అనే విశేషణాలతోనే. న్యూరెంబర్గ్‌లోని బెహైమ్ గోళం, న్యూయార్క్‌లోని లెనాక్స్ గోళం, క్రాకోలోని యాగియెలోనియన్ గోళం, ఇటీవల వెలుగులోకి వచ్చిన నిప్పుకోడి గుడ్డు గోళం, వీటిలో ప్రతిదానికీ ఎవరో ఒకరు ఏదో ఒక విషయంలో అగ్రస్థానం కట్టబెట్టారు. కింద ఏదో ఒక మూలమూ చూపించారు. అందువల్ల ఇలాంటి వ్యాసాన్ని చేతిలోకి తీసుకున్నవారు పేరాలు పెంచే పని తరువాతకు వాయిదా వేసి, ముందుగా ఉన్న వాక్యాలను జల్లెడ పట్టాలి. వస్తువును కొలిచి చెప్పగల విషయమేది, వస్తువు మీద రాసి ఉన్న మాట ఏది, దాన్ని చూసి పండితులు చేసిన ఊహ ఏది అని విడదీయాలి. ఈ మూడూ కలిసిపోయిన ప్రతిచోటా వ్యాసం పాఠకుణ్ణి తప్పుదారి పట్టిస్తుంది.

చరితం, చర్చ, పరిధి

దిద్దుబాటు మొదలుపెట్టే ముందు పేజీ చరితమూ (పాత మార్పుల జాబితా) చర్చా పేజీ చదవాలి. ఒకరు ఒక వాక్యాన్ని చేర్చడం, మరొకరు తీసేయడం, మొదటివారు మళ్ళీ చేర్చడం చరితంలో కనబడితే ఆ వాక్యం మీద వివాదం ఉన్నట్టే. దాన్ని ముట్టుకోక ముందే చర్చా పేజీలో ఒక విభాగం తెరిచి, ఏ మూలం ఆధారంగా ఏం మార్చదలచుకున్నారో రెండు ముక్కల్లో రాసి కొన్నాళ్ళు ఆగడం మంచిది. తెలుగు వికీపీడియాలో ఇలాంటి విదేశీ చరిత్ర పేజీల చర్చలకు స్పందించేవారు తక్కువే గనుక, వారం పది రోజులు చూసి సమాధానం రాకపోతే ముందుకు సాగవచ్చు; వాడుకరులందరి చర్చావేదిక అయిన రచ్చబండలో కూడా ఒక మాట వేస్తే ఇంకా మేలు.

వ్యాసం పరిధిని కూడా ఈ దశలోనే తేల్చుకోవాలి. ‘తొలి పునరుజ్జీవన కాలం’ అన్న మాటకు అందరూ ఒప్పుకున్న సరిహద్దులు లేవు. 1477లో నికోలస్ జర్మానస్ పోపు నాలుగో సిక్స్‌టస్ కోసం చేసిన భూగోళ, ఖగోళ గోళాల జంటతో మొదలుపెట్టి, 1541లో పటకర్త గెరార్డస్ మెర్కేటర్ వెలువరించిన భూగోళంతో ఆపడం నాకు సబబుగా తోస్తుంది. ఎందుకంటే మెర్కేటర్ నాటికి గోళం ఒక్కరి కోసం చేత్తో చేసే అపురూప వస్తువు దశ దాటి, ముద్రించి అమ్మే సరుకుగా స్థిరపడింది. మీరు మరోచోట గీత గీయవచ్చు గానీ, గీసిన గీతను ప్రవేశికలోనే చెప్పాలి. చెప్పకపోతే, తరువాత వచ్చేవారు ప్రాచీన గ్రీకు పండితుడు క్రేటిస్ గోళాన్నీ, 1267లో జమాలుద్దీన్ చైనాలో మంగోలు చక్రవర్తికి సమర్పించిన గోళాన్నీ ఇక్కడే చేర్చి, వ్యాసాన్ని గోళాల సమగ్ర చరిత్రగా మార్చేస్తారు. అవి ముఖ్యమైన విషయాలే, కాని వాటికి వేరే పేజీ ఉండాలి.

ఒక వాక్యాన్ని విప్పి చూస్తే

బెహైమ్ గోళం గురించి మామూలుగా రాసే వాక్యం దాదాపు ఇలా ఉంటుంది: “1492లో జర్మన్ నావికుడు మార్టిన్ బెహైమ్ ప్రపంచంలోనే మొట్టమొదటి గ్లోబును కనిపెట్టాడు; కొలంబస్ అమెరికాను కనుగొన్న సంగతి అప్పటికి తెలియదు కాబట్టి అందులో అమెరికా లేదు.” చదవడానికి సాఫీగా ఉన్న ఈ వాక్యాన్ని మాట మాటా పట్టి చూడాలి.

‘కనిపెట్టాడు’ అన్నది నిలవదు. భూమిని గోళంగా చేసి చూపడం గ్రీకులకు తెలుసు. 2వ శతాబ్దంలో గ్రీకు పండితుడు టాలెమీ తన భూగోళ గ్రంథంలో గోళం మీద పటం గీయడం గురించి చర్చించాడు. ‘మొట్టమొదటి’ కూడా నిలవదు. పైన చెప్పిన 1477 నాటి వాటికన్ గోళాలు దీనికంటే ముందువి, కాకపోతే అవి ఇప్పుడు లేవు. కాబట్టి ‘మిగిలివున్నవాటిలో పాతది’ అనాలి. అప్పుడు కూడా ‘భూగోళాల్లో’ అన్న మాట తప్పనిసరి, ఎందుకంటే నక్షత్రాలను చూపే ఖగోళ గోళాల్లో 11వ శతాబ్దపు అరబ్బు గోళాలు నేటికీ ఉన్నాయి. ‘నావికుడు’ అన్న మాట బెహైమ్ సొంత మాటను నమ్మినందువల్ల వచ్చింది. అతను వస్త్ర వ్యాపారం చేసి పోర్చుగల్ చేరిన న్యూరెంబర్గ్ వర్తకుడు. తాను పోర్చుగీసు నావికుడు డియోగో కావ్‌తో కలిసి ఆఫ్రికా తీరం వెంబడి ప్రయాణించానని గోళం మీద రాయించుకున్నాడు. అయితే ఆ తీరాన్ని గోళం మీద చూపిన తీరు చూసి పరిశోధకులు ఆ మాటనే శంకించారు. గోళమంతా బెహైమ్ ఒక్కడే చేశాడన్న ధ్వని కూడా సరికాదు. ఆ పని న్యూరెంబర్గ్ నగర మండలి కోసం జరిగింది. దాని మీద చిత్రించినవాడు గేఓర్గ్ గ్లాకెన్‌డన్.

మిగిలింది సంవత్సరం, అమెరికా. కొన్ని మూలాలు గోళం 1490-92 మధ్య తయారైందంటాయి, మరికొన్ని 1492-94 అంటాయి. కొలంబస్ తొలి యాత్ర ముగించుకుని స్పెయిన్ చేరింది 1493 మార్చిలో. రెండో లెక్క తీసుకుంటే, గోళం మీద పని ముగియక ముందే కొలంబస్ వార్త ఐరోపాకు వచ్చేసింది. కాబట్టి అమెరికా లేకపోవడానికి ‘తెలియదు కాబట్టి’ అన్న కారణాన్ని మన సొంతంగా తగిలించకూడదు. పటానికి కావలసిన సమాచారం ఎప్పుడు సేకరించారో చెప్పే మూలం ఉంటే దాన్ని ఉటంకించి రాయాలి. ఇవన్నీ చూసుకున్నాక ఆ వాక్యం ఇలా మారుతుంది:

“న్యూరెంబర్గ్‌లో 1490ల తొలి సంవత్సరాల్లో మార్టిన్ బెహైమ్ (1459–1507) పర్యవేక్షణలో తయారైన ‘ఎర్డాప్ఫెల్’, మిగిలివున్న భూగోళాల్లో అత్యంత పాతది. సుమారు 51 సెం.మీ. వ్యాసం గల ఈ గోళాన్ని గేఓర్గ్ గ్లాకెన్‌డన్ చిత్రించాడు. దానిమీద ఐరోపా పడమటి తీరానికీ ఆసియా తూర్పు తీరానికీ మధ్య ద్వీపాలతో కూడిన ఒకే సముద్రం ఉంది. అమెరికా ఖండాలు లేవు. గోళం న్యూరెంబర్గ్‌లోని జర్మానిక్ నేషనల్ మ్యూజియంలో ఉంది. 2023లో యునెస్కో దీన్ని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది.”

ఒక వాక్యం ఆరయింది. అయినా ప్రతి వాక్యానికీ విడిగా మూలం ఇవ్వవచ్చు, ఒకదాన్ని సవాలు చేస్తే మిగిలినవి చెక్కుచెదరవు. వికీపీడియాలో పొడవైన సంయుక్త వాక్యం చివర ఒక్క మూలం పెట్టడం కంటే ఇదే మేలు.

కొలతలు, చిరునామాలు, ప్రతుల లెక్క

ప్రతి గోళానికీ పేరు, కాలం, దేనితో చేశారు, వ్యాసం (అడ్డుకొలత) ఎంత, ఇప్పుడు ఎక్కడుంది అన్న అయిదు విషయాలతో ఒక పట్టిక పెడితే పాఠకుడికి సగం పని అయిపోతుంది. వీటి పరిమాణాల్లో ఉన్న తేడా మాటల కంటే పట్టికలో బాగా తెలుస్తుంది. యాగియెలోనియన్ గోళం వ్యాసం 7 సెం.మీ. పైచిలుకు, రాగితో చేసిన లెనాక్స్ గోళం సుమారు 11, జర్మన్ గోళకర్త జొహానెస్ షోనర్ 1515లో ముద్రించిన గోళం 27, అదే షోనర్ 1520లో చేత్తో గీయించినది 87 సెం.మీ. కాలం రాసే గడిలో, ఆ సంవత్సరం గోళం మీదే ఉందా లేక పండితులు అంచనా కట్టారా అన్నది తప్పక తెలపాలి. లెనాక్స్ గోళం మీద తేదీ లేదు. 16వ శతాబ్దపు తొలి దశకానికి చెందినదని చెప్పేది అంచనాయే. ‘1510’ అని ఒంటరిగా రాసిన అంకెను పాఠకుడు చెక్కిన తేదీగా నమ్ముతాడు.

వ్యాసమూ చుట్టుకొలతా తారుమారు కావడం ఈ పేజీల్లో సులువుగా జరిగే పొరపాటు. 51 సెం.మీ. వ్యాసమున్న గోళానికి చుట్టుకొలత 160 సెం.మీ. ఉంటుంది. ఇలాంటి మామూలు లెక్కలు వేసి చూసుకోవడం, మూలాల్లో లేని సొంత నిర్ధారణలు రాయకూడదన్న వికీపీడియా ‘మౌలిక పరిశోధన’ నిషేధం కిందికి రాదు, కాబట్టి నిస్సంకోచంగా వేయండి.

జర్మన్ పటకర్త మార్టిన్ వాల్డ్‌సీముల్లర్ 1507లో ముద్రించిన గోళపట్టీల దగ్గర ఈ లెక్క మరింత పనికొస్తుంది. నారింజ తొనల్లా రెండు కొసలూ సన్నగా, నడుమ వెడల్పుగా ఉండే 12 పట్టీలను కాగితం మీద అచ్చువేసి, కత్తిరించి, గోళం మీద అతికించాలన్నది ఆ పద్ధతి. ఒక్కో పట్టీ 30 డిగ్రీల రేఖాంశాలను ఆక్రమిస్తుంది. దాని పొడవు గోళం చుట్టుకొలతలో సగం. పట్టీ పొడవు 18 సెం.మీ. అని ఒక మూలంలోనూ, గోళం వ్యాసం 11.5 సెం.మీ. అని మరో మూలంలోనూ కనబడితే అవి పరస్పర విరుద్ధం కావు, ఒకే సంగతిని రెండు విధాలుగా చెప్పినవి. ‘18 సెం.మీ. గోళం’ అని రాసి ఉంటే మాత్రం ఎవరో పట్టీ పొడవును వ్యాసం అనుకున్నారన్నమాట.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. వాల్డ్‌సీముల్లర్ అదే 1507లో పెద్ద గోడపటం కూడా వెలువరించాడు. దానికీ 12 పలకలే, దానిమీదా ‘అమెరికా’ అన్న పేరుంది. మిగిలిన ఒక్క ప్రతి 1901లో జర్మనీలోని వోల్ఫెగ్ కోటలో, ఒకప్పుడు షోనర్ సొంతం చేసుకున్న సంపుటంలో బయటపడింది. 2003లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోటి డాలర్లకు దాన్ని కొనడం పూర్తిచేసింది. ‘అమెరికా జనన పత్రం’ వంటి శీర్షికలతో వచ్చిన వార్త ఈ గోడపటానిదా, గోళపట్టీలదా అన్నది చూసుకోకుండా ఉటంకిస్తే, కోటి డాలర్ల ధర పట్టీలకు అంటుకుంటుంది.

పట్టీల ప్రతులు ఎన్ని మిగిలాయన్న అంకె దగ్గర మరింత జాగ్రత్త కావాలి. 2012లో మ్యూనిక్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో అప్పటిదాకా తెలియని ప్రతి ఒకటి కనబడింది. 2017 డిసెంబరులో క్రిస్టీస్ సంస్థ వేలానికి పెట్టిన ఒక ప్రతిని, అది నకిలీ కావచ్చునని నిపుణులు సందేహించడంతో ఉపసంహరించుకుంది. 2018లో మ్యూనిక్‌లోనే ఉన్న బవేరియా రాష్ట్ర గ్రంథాలయం, 1990లో తాను కొన్న ప్రతి నకిలీదని ప్రకటించింది. అంటే 2012కు ముందు అచ్చయిన పుస్తకం, 2013 నాటి వార్త, 2018 తరువాతి పరిశోధన ఇచ్చే అంకెలు మూడూ వేర్వేరుగా ఉండవచ్చు. వాటిలో ఏదీ తన కాలానికి తప్పు కాదు. కాబట్టి అంకె పక్కన అది ఏ సంవత్సరం నాటికో రాయడం, నకిలీగా తేలిన ప్రతి సంగతిని తొలగించకుండా ఒక వాక్యంలో చెప్పడం సరైన పద్ధతి. దాన్ని పూర్తిగా తీసేస్తే, పాత పుస్తకం చదివినవారెవరో తిరిగి తెచ్చి పెడతారు.

గోళం మీది మాట, గోళం గురించిన మాట

లెనాక్స్ గోళం మీద ఆసియా తూర్పు తీరం దగ్గర ‘హిక్ సుంట్ డ్రాకోనేస్’, అంటే ఇక్కడ డ్రాగన్లు ఉన్నాయి, అని లాటిన్‌లో చెక్కి ఉంది. పాత పటాలన్నింటి మీదా తెలియని ప్రాంతాల్లో ఈ మాట రాసేవారని లోకంలో ఒక నమ్మకం ప్రబలింది. నిజానికి ఆ కాలపు వస్తువుల్లో ఈ వాక్యం లెనాక్స్ గోళం మీదా, దానికి అచ్చం జతగా కనబడే నిప్పుకోడి గుడ్డు గోళం మీదా తప్ప మరెక్కడా కనబడలేదు. మీరు సరిదిద్దుతున్న పేజీలో ఆ నమ్మకం నిజమన్నట్టు చెలామణీ అవుతుంటే, అదొక్కటి మార్చినా మంచి దిద్దుబాటే.

షోనర్ 1515 గోళం కథ వేరు. ఫ్రాంక్‌ఫర్ట్, వైమార్ నగరాల్లో ప్రతులున్న ఈ గోళం మీద దక్షిణ అమెరికాకూ దాని కింద చూపిన దక్షిణ భూభాగానికీ మధ్య జలసంధి ఉంది. నావికుడు మాగెల్లాన్ దక్షిణ అమెరికా కొసన నిజంగా ఉన్న జలసంధిలోకి ప్రవేశించింది 1520లో. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెడితే చాలు, పాఠకుడి మనసులో ‘మాగెల్లాన్ కంటే ముందే ఎవరో వెళ్ళారు’ అన్న కథ పుట్టుకొస్తుంది. కథ రక్తి కట్టిస్తుంది గానీ, బ్రెజిల్ తీరం గురించి ఆ రోజుల్లో వెలువడిన ఒక జర్మన్ వార్తా కరపత్రాన్ని షోనర్ వాడుకున్నాడనీ, అందులోని పెద్ద నదీముఖమో అఖాతమో అతని చేతిలో జలసంధి అయి ఉంటుందనీ పరిశోధకులు ఇచ్చిన వివరణ కూడా అదే పేరాలో రావాలి. ఒక గోళం మీద ఏముందో చెప్పి ఊరుకోవడం కొన్నిసార్లు తటస్థత అనిపించుకోదు.

నిప్పుకోడి గుడ్డు గోళం ఈ వ్యాసానికి పెద్ద పరీక్ష. 2012లో లండన్‌లో జరిగిన పటాల సంతలో చేతులు మారిన ఈ వస్తువు 1504 నాటిదనీ, లెనాక్స్ గోళానికి మాతృక ఇదేననీ 2013లో ఒక పటాల పత్రికలో వ్యాసం వచ్చింది. తరువాత అదే పరిశోధకుడు దీన్ని లియొనార్డో డావించీకి ఆపాదించాడు. లియొనార్డో పేరు వినగానే పత్రికలు ఎగబడ్డాయి. పరిశోధకుల్లో మాత్రం ఆ ఆపాదనకు సాధారణ అంగీకారం రాలేదు. ఇలాంటి చోట “లియొనార్డో చేసిన గోళం” అని గానీ, “బూటకపు గోళం” అని గానీ రాయకూడదు. ఫలానా సంవత్సరంలో ఫలానా పరిశోధకుడు ఇలా వాదించాడని అతని పేరు మీదే పెట్టి, ఆ వాదనకు అభ్యంతరం చెప్పినవారి మాటను అంతే స్పష్టంగా ఇవ్వాలి. పత్రికా వార్తలు పది ఉన్నా, అవన్నీ ఒకే ప్రకటనను తిరగరాసినవైతే ఒక మూలం కిందే లెక్క. మొత్తం గోళాలను గురించిన వ్యాసంలో దీనికి రెండు మూడు వాక్యాలు చాలు. వివరమంతా దాని సొంత పేజీలో ఉండాలి. వస్తువు యజమానికో, అమ్మదలచినవారికో, దానిమీద పుస్తకం రాసినవారికో సంబంధమున్న వాడుకరి ఈ భాగాన్ని పెంచుతుంటే, వ్యాసంలో వాదులాడకుండా చర్చా పేజీలో స్వప్రయోజనాల ఘర్షణ నియమాన్ని మర్యాదగా గుర్తుచేయాలి. కొలతలూ కొనుగోలు తేదీల వంటివి వారే బాగా చెప్పగలరు గనుక, చర్చా పేజీలో సూచనలు చేయమని ఆహ్వానించడమూ మంచిదే.

మన తీరం మీద మమకారం

తెలుగువారికి ఈ విషయంలో ఒక ప్రత్యేకమైన ప్రలోభం ఉంది. టాలెమీ తన గ్రంథంలో కృష్ణా ముఖద్వార ప్రాంతాన్ని మైసోలియా పేరుతో పేర్కొన్నాడు. అక్కడి కొంటకోసిల రేవును చరిత్రకారులు ఘంటసాలతో పోల్చారు. బెహైమ్ టాలెమీ మీద ఆధారపడ్డాడన్నదీ నిజమే. ఈ రెండూ కలిపి “బెహైమ్ గోళం మీద ఆంధ్ర తీరం పేరు ఉంది” అని రాయాలని చెయ్యి దురద పెడుతుంది. కానీ ఒక మూలంలోని మాటా మరో మూలంలోని మాటా జోడించి, రెంటిలోనూ లేని మూడో మాట చెప్పడాన్నే వికీపీడియా నియమాలు మౌలిక పరిశోధన అంటాయి. గోళం మీది పేర్లను ఎత్తిరాసిన ప్రచురణ తీసి, ఆ పేరు అక్కడ ఉందో లేదో కళ్ళారా చూసి, పుట సంఖ్యతో ఉటంకించగలిగితేనే రాయాలి. బెహైమ్ గోళం పూర్తి నకలు చిత్రాలతో, పేర్ల జాబితాలతో ఈ.జీ. రావెన్‌స్టీన్ 1908లో వెలువరించిన గ్రంథానికి కాపీహక్కులు ముగిశాయి. అది ఉచితంగా అంతర్జాలంలో చదవవచ్చు. అందులో వెతికే ఓపిక లేనప్పుడు ఆ వాక్యం రాయకపోవడమే మంచిది.

బొమ్మలు

అయిదు వందల ఏళ్ళ నాటి వస్తువు కదా, దాని బొమ్మకు కాపీహక్కులేమిటి అనుకుంటారు. చదునైన పాత పటాన్ని ఉన్నదున్నట్టు స్కాన్ చేస్తే కొత్త హక్కు పుట్టదన్న వైఖరితో, వికీపీడియా బొమ్మల భండారమైన కామన్స్ అలాంటి స్కాన్లను స్వీకరిస్తుంది. అందువల్ల ముద్రిత గోళపట్టీలతో చిక్కు లేదు. గోళం చదునైనది కాదు. దాన్ని ఏ కోణం నుంచి, ఏ వెలుగులో తీయాలో నిర్ణయించుకున్న ఫోటోగ్రాఫరుకు ఆ ఫోటో మీద హక్కు ఉంటుంది, కాబట్టి మ్యూజియం వెబ్‌సైటు నుంచి బెహైమ్ గోళం ఫోటో తెచ్చి ఎక్కించకూడదు. స్వేచ్ఛా లైసెన్సుతో ఎవరైనా సందర్శకులు తీసి కామన్స్‌లో పెట్టిన ఫోటోనో, రావెన్‌స్టీన్ చదునుగా గీయించిన పట్టీలనో వాడాలి. వ్యాఖ్యలో అది అసలు గోళమా, నకలా అన్నది చెప్పడం మరవకూడదు. బెహైమ్ గోళానికి అనేక మ్యూజియాల్లో నకళ్ళు ఉన్నాయి, ‘బెహైమ్ గోళం’ పేరుతో దొరికే ఫోటోల్లో వాటివీ కలిసి ఉంటాయి.

పేర్లు, అనువాదం, సారాంశం

ఇంగ్లీషు వ్యాసం నుంచి అనువదిస్తే, ఆ సంగతిని దిద్దుబాటు సారాంశంలోనో, చర్చా పేజీలో తగిన మూసతోనో (టెంప్లేటు) తెలపాలి. అక్కడి రచయితలకు శ్రేయం ఇవ్వడం లైసెన్సు విధించే షరతు. అనువాద పరికరం ఇచ్చిన ముసాయిదాను అలాగే ప్రచురించవద్దు. ‘భూగోళం’, ‘భూగోళ శాస్త్రం’, ‘ప్రపంచం’ అన్న మూడూ ఒకదాని స్థానంలో ఒకటి వచ్చి కూర్చుంటాయి, ఇలాంటి వ్యాసంలో అది ప్రాణాంతకం. అనువదించిన మూలాల్లో మీరు తెరిచి చూడనివి ఉంటే అవి నిజంగా ఆ మాట చెబుతున్నాయో లేదో చూడాలి, లేదా ఆ వాక్యాన్నే వదిలేయాలి. పేర్లను జర్మన్, పోర్చుగీసు ఉచ్చారణకు దగ్గరగా రాసి, ‘బెహెయిమ్’, ‘బీహైమ్’ వంటి వేరే రూపాల నుంచి దారిమార్పులు (అసలు పేజీకి చేర్చే లంకెలు) పెడితే వెతికేవారికి పేజీ దొరుకుతుంది.

మార్పులన్నీ ఒక్క దెబ్బలో భద్రపరచకుండా, ఒక గోళానికి ఒక దిద్దుబాటు చొప్పున చేసి, సారాంశంలో కారణం రాయాలి. “శుద్ధి” అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు; “బవేరియా రాష్ట్ర గ్రంథాలయ ప్రతి నకిలీదని 2018లో తేలినందున ప్రతుల సంఖ్య సవరణ, మూలం చేర్చాను” అని రాస్తే, ఒప్పుకోనివారు మొత్తం వ్యాసాన్ని వెనక్కి తిప్పకుండా ఆ ఒక్క మార్పునే ప్రశ్నించగలుగుతారు. ఆపైన, మార్పులు జరిగితే తెలిసేలా పేజీని వీక్షణ జాబితాలో పెట్టుకోండి. పాత గోళం ఏదో దొరికిందనో, వేలానికి వచ్చిందనో వార్త వచ్చినప్పుడల్లా ఈ వ్యాసంలో కొత్త ‘మొట్టమొదటి’ ఒకటి ప్రత్యక్షమవుతుంది. ఆ వారంలో మొదట తెరిచి చూడవలసినవి ప్రవేశికలోని వాక్యాలు, పట్టికలోని కాలం గడి.